నాజిల్స్ మార్చే ముందు ఆ రీమ్యాప్ తీయించు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. 2016 మోడల్ డిజైర్ డీజిల్ బండి ఉంది, బీఎస్4. ఆర్సీ మా బాపు పేరు మీద ఉంది. 1 లక్షా 32 వేల కిలోమీటర్లు తిరిగింది. ఐదు నెలల కింద దోస్తు చెబితే హైదరాబాద్ పోయి 'స్టేజ్ 1' రీమ్యాప్ (పికప్ పెరగడానికి ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించాను. స్టీరింగ్ కింద వైరు పెట్టి, ల్యాప్‌టాప్‌తో అరగంటలో చేసి 9 వేలు తీసుకున్నారు. మొదట్లో పికప్ మస్తు అనిపించింది. నెల తిరగకముందే గట్టిగా తొక్కితే నల్ల పొగ మొదలైంది. ఇప్పుడు నలుగురం ఎక్కి హైవే మీద ఓవర్‌టేక్ చేస్తుంటే ఇంజిన్ లైటు వెలిగి బలం పోతోంది. పక్కకు ఆపి, ఆఫ్ చేసి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. నాలుగో గేరులో తొక్కితే ఒక్కోసారి ఇంజిన్ అరుస్తుంది కానీ బండి లాగదు. మీటర్‌లో మైలేజీ 19 చూపిస్తోంది, ట్యాంకు నింపి లెక్క కడితే 14 వస్తోంది. ఇంతకుముందు రెండూ ఇంచుమించు ఒకటే ఉండేవి. ఆయిల్ గేజ్ మీద కూడా మట్టం కొంచెం పైకి వచ్చినట్టుంది. ఇక్కడ మెకానిక్ ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చాడు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) కడిగాడు. తగ్గలేదు. నాలుగు నాజిల్స్ (డీజిల్ చల్లే ఇంజెక్టర్లు) పోయాయి, 60 వేలు అవుతుంది అంటున్నాడు. రీమ్యాప్ సంగతి ఆయనకూ చెప్పలేదు, బాపుకూ చెప్పలేదు. తప్పు నాజిల్స్‌దా, ట్యూనింగ్‌దా? జర చెప్పండి అన్నా.

నర్సంపేట నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

తమ్ముడూ, నాజిల్స్‌కు అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకు. ఇచ్చి ఉంటే పని మొదలుపెట్టొద్దని ఇవాళే చెప్పు. నీ నాజిల్స్ బాగున్నాయని నేను ఇక్కడ కూర్చుని హామీ ఇవ్వలేను. అంత తిరిగిన బండిలో అవి అలసిపోయి ఉండొచ్చు కూడా. కానీ నీ ఉత్తరంలో ఒక మాట ఉంది. మీటర్‌లో 19, ట్యాంకు లెక్కలో 14 అన్నావు చూడు, నువ్వు రాసినవాటిలో అన్నిటికంటే పనికొచ్చేది అదే. ఎందుకో చెప్తాను.

మన బండ్లలో ఇంజిన్ ఎంత డీజిల్ తాగిందో నేరుగా కొలిచే పరికరం ఉండదు. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ప్రతి నాజిల్‌కూ ఎంత ప్రెషర్ మీద ఎంతసేపు తెరుచుకోవాలో చెబుతుంది. ఆ చెప్పిన దాన్నిబట్టి 'ఇంత డీజిల్ పోయి ఉంటుంది' అని తనే లెక్క వేసుకుంటుంది. డాష్‌బోర్డు మీద నీకు కనిపించే మైలేజీ ఆ లెక్క నుంచి వచ్చిందే. కంపెనీ లెక్క కాబట్టి ముందు ట్యాంకుతో సరిపోయేది. ఇప్పుడు లీటరుకు 5 కిలోమీటర్ల తేడా వచ్చిందంటే, ఈసీయూ అనుకుంటున్న దానికంటే ఎక్కువ డీజిల్ ట్యాంకులోంచి పోతోంది, ఆ సంగతి దానికి తెలియదు.

ఇట్లా కావడానికి దారులు కొన్నే. ఎక్కడైనా డీజిల్ కారుతూ ఉండాలి. అది తెలుసుకోవడం తేలిక, రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున చూడు. లేదా నాజిల్ అరిగి, చెప్పిన దానికంటే ఎక్కువ వదులుతూ ఉండాలి. లేదా ట్యూనింగ్ చేసినవాళ్లు ఈసీయూ లోపలి లెక్కనే మార్చి ఉండాలి. '30 మిల్లీగ్రాములు పోవాలంటే నాజిల్ ఇంతసేపు తెరువు' అని లోపల ఒక పట్టిక ఉంటుంది. చవక ట్యూనింగ్‌లో చాలామంది చేసేది ఆ సమయాన్ని పెంచేయడమే. పట్టికలో 30 అనే రాసి ఉంటుంది, లోపల 38 పోతుంది. ఈసీయూ పాపం 30 అనే నమ్ముతుంది. మైలేజీ లెక్క తప్పుతుంది, పొగ రాకుండా కంపెనీ పెట్టిన హద్దు పనిచేయదు, క్లచ్‌నూ గేర్‌బాక్స్‌నూ కాపాడే టార్క్ హద్దు కూడా పనిచేయదు. ఎందుకంటే ఆ హద్దులన్నీ ఈసీయూ నమ్మే అంకె మీదే నిలబడి ఉంటాయి.

నాజిల్ అరుగుదల నెల రోజుల్లో రాదు, ఏళ్లమీద మెల్లగా వస్తుంది. అది వస్తే ఎక్కువగా ఐడిల్‌లోనే, అంటే పెడల్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడే, తెలుస్తుంది. పొద్దున చల్లటి స్టార్టింగ్‌లో తెల్ల పొగ, కళ్లు మండే వాసన, టకటక శబ్దం, వణుకు. నువ్వు వీటిలో ఒక్కటీ రాయలేదు. నువ్వు రాసింది గట్టిగా తొక్కినప్పుడు నల్ల పొగ, అదీ రీమ్యాప్ చేసిన నెలలోపు మొదలైంది. ఇంకా పరీక్ష చేయలేదు కాబట్టి తీర్పు చెప్పడం లేదు. కానీ నా అనుమానం ఎటువైపో నీకు అర్థమైంది కదా.

నల్ల పొగ అంటే ఏంటో ఒక్క లెక్కతో చూపిస్తాను. 1 గ్రాము డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.5 గ్రాముల గాలి కావాలి. కానీ డీజిల్ ఇంజిన్‌లో గాలీ ఇంధనమూ పెట్రోల్ ఇంజిన్‌లోలా ముందే కలిసిపోవు. ఆఖరి క్షణంలో చల్లితే అక్కడికక్కడే కాలాలి. అందుకే కంపెనీలు ఎప్పుడూ గాలిని ఎక్కువే ఉంచుతాయి, ఫుల్ లోడ్‌లో కూడా 17, 18కి దగ్గరగా. ఉదాహరణకు నీలాంటి 1248 సీసీ ఇంజిన్‌లో ఒక స్ట్రోక్‌కు 640 మిల్లీగ్రాముల గాలి వెళ్తోంది అనుకో. 36 మిల్లీగ్రాముల డీజిల్ పోస్తే నిష్పత్తి 17.8. గాలి పెంచకుండా డీజిల్ ఒక్కటే 46 చేస్తే 13.9. ఆ మిగిలిన డీజిల్‌కు కాలడానికి గాలి లేదు, మసిగా మారి సైలెన్సర్‌లోంచి పోతుంది. నువ్వు బంకులో కట్టిన పైసలే ఆ పొగ.

మసితో ఆగితే అంత బాధ లేదు. నాజిల్ ఎక్కువసేపు తెరిచి ఉంటే మంట కూడా ఆలస్యంగా ఆరుతుంది. పిస్టన్ కిందికి దిగిపోతున్నా ఇంకా కాలుతూనే ఉంటుంది. పని చేయాల్సిన వేడి ఎగ్జాస్ట్‌లోకి పోయి టర్బోనూ వాల్వులనూ కాలుస్తుంది. పిస్టన్ అల్యూమినియంతో చేసింది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, పిస్టన్‌కు వాడే మిశ్రమం అంతకంటే ముందే మెత్తబడుతుంది.

కొన్నేళ్ల కింద వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే ఒక పికప్ నా దగ్గరకు తాడు కట్టుకుని వచ్చింది. నల్ల పొగ, బలం లేదు, చివరికి ఒక సిలిండర్ ఆగిపోయింది. అప్పటికే వేరే షాపులో ఫ్యూయెల్ పంపు మార్చారు. స్కానర్ పెడితే రైల్ (నాజిల్స్‌కు డీజిల్ పంచే గొట్టం) ప్రెషర్ అన్ని చోట్లా సరిగ్గానే చూపిస్తోంది, అడిగినంత వస్తోంది. హెడ్ దించాం. మూడో పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టు పోయి ఉంది, గోరు పెడితే గరుకుగా తగిలేది, కరిగిన అల్యూమినియం చుక్కలు బోర్ గోడకు అతుక్కుని ఉన్నాయి. ఆ రోజు సాయంత్రం మనసుకు పట్టక, రైల్ చివర ఉన్న ప్రెషర్ సెన్సర్ వైరు వెంట వేలు పెట్టుకుంటూ పోయాను. బ్యాటరీ వెనక, నల్ల టేపు చుట్టి, అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్ద డబ్బా దొరికింది. ట్యూనింగ్ బాక్స్. అది చేసే పని ఒక్కటే. రైల్‌లో 1,400 బార్ ఉంటే ఈసీయూకు 1,200 అని చెబుతుంది, ఈసీయూ ఇంకా పెంచుతుంది. స్కానర్ కూడా ఈసీయూ చెప్పిందే చూపిస్తుంది కాబట్టి తెర మీద అంతా బాగానే ఉంది.

బస్తాల లోడుతో లాగడంలేదని డ్రైవర్ దాన్ని తన సొంత డబ్బుతో పెట్టించుకున్నాడు. ఓనర్‌కు తెలియదు, పంపు మార్చిన షాపుకూ తెలియదు. తిడతారని చెప్పలేదంట. ఆ ఒక్క మాట ముందు చెప్పి ఉంటే పంపు ఖర్చూ, ఇంజిన్ ఖర్చూ రెండూ మిగిలేవి. నీ ఉత్తరంలో 'చెప్పలేదు' అన్న మాట చదవగానే నాకు ఆ పిస్టనే గుర్తొచ్చింది. మీ మెకానిక్ తప్పు చేస్తున్నాడని నేను అనడం లేదు తమ్ముడూ. ఆయనకు సగం సంగతే తెలుసు. పొగ, బలం పోవడం, వయసైన బండి, ఈ మూడే తెలిస్తే నేనైనా నాజిల్స్ వైపే చూసేవాణ్ని.

ఇక పని. ముందు ఆయిల్, ఎందుకంటే అది ఆగదు. పొద్దున స్టార్ట్ చేయకముందు, చదునైన నేల మీద గేజ్ తీసి చూడు. పై గీత దాటిందంటే డీజిల్ కలిసిందన్న అనుమానం గట్టిపడుతుంది. తెల్ల టిష్యూ పేపర్ మీద ఒక చుక్క వదులు, పక్కనే కొత్త ఆయిల్ చుక్క ఒకటి పెట్టు, అరగంట కదపకు. కొత్త ఆయిల్ చుక్క ఒకే రంగులో పరుచుకుంటుంది. నీది మధ్యలో నల్లగా ఆగి, బయట రంగులేని తడి వలయం వెడల్పుగా పాకితే అది డీజిలే. వాసన చూసినా తెలుస్తుంది, రెండు వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారుతుంది. అట్లా ఉంటే బండి ఇంక తిప్పకు. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు, టర్బో షాఫ్ట్‌ను అసలే కాపాడలేదు. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ తన ఆయిల్‌నే గాలి దారిలో పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా రేస్ అయిపోయే ప్రమాదం కూడా ఉంది. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్పించు. రీమ్యాప్ తీసేశాక ఇంకోసారి తొందరగా మార్చాల్సి వస్తుంది, కాబట్టి ఇప్పుడు ఖరీదైన ఆయిల్ అక్కర్లేదు, కంపెనీ చెప్పిన గ్రేడ్ ఉంటే చాలు.

రెండోది, టర్బో నుంచి ఇంజిన్‌కు వచ్చే రబ్బరు పైపులు. ఇది చూడకుండా ట్యూనింగ్ మీద నింద వేయడం కూడా అన్యాయమే. పైపు పగిలితే వచ్చే లక్షణాలు సరిగ్గా నువ్వు రాసినవే, నల్ల పొగ, బలం పోవడం, లైటు. ఐడిల్‌లో పగులు మూసుకుని ఉంటుంది, ప్రెషర్ ఎక్కితేనే నోరు తెరుస్తుంది. అందుకే కంటికి కనిపించదు. ఇంజిన్ ఆపి, చల్లారాక పైపును రెండు చేతులతో పిండి, వంచి, అడుగు వైపు వేళ్లతో తడుము. నూనె జిడ్డు ఒక్కచోట తడిగా, చుట్టూ దుమ్ము పట్టి ఉంటే అక్కడే గాలి పోతోంది. క్లిప్పుల దగ్గరా అంతే. నీకు ట్యూనింగ్ వల్ల బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్) పెరిగి ఉంటే పాత పైపు దాని వల్లే పగిలి ఉండొచ్చు, అప్పుడు తప్పు రెండింటిదీ.

మూడోది స్కానర్. లైటు వెలిగిన ప్రతిసారీ కోడ్ చెరిపేసి పంపడం మన దగ్గర అలవాటు, అది ఆపించు. చెరిపే ముందు కోడ్‌నూ, కోడ్ పడ్డ క్షణంలో ఈసీయూ దాచుకున్న రీడింగులనూ ఫోటో తీసుకో. నీకు పి0299 వచ్చి ఉంటే అడిగినంత బూస్ట్ రాలేదని, పి0087 అయితే అడిగినంత రైల్ ప్రెషర్ రాలేదని, పి0101 అయితే గాలి కొలిచే సెన్సర్ రీడింగ్ లెక్కకు పొంతన లేదని. పి0601 కనిపిస్తే అది ఈసీయూ మెమరీ లెక్క తప్పిందని చెప్పే కోడ్. సరిగ్గా రాయని ఫైల్‌కు అది బలమైన సాక్ష్యం. కానీ కోడ్ రోగం పేరు కాదు. పి0087 చూసి పంపు మార్చేవాళ్లు ఉన్నారు. అక్కడ రెండు ప్రశ్నలు ఉన్నాయి. వచ్చింది తక్కువా, లేక అడిగిందే ఎక్కువా?

ఈ 'అడిగింది', 'వచ్చింది' అన్న జంట నీకు అర్థమైతే సగం దారి తెలిసినట్టే. స్కానర్ లైవ్ డేటాలో మూడు జంటలు పెట్టించు. రైల్ ప్రెషర్ అడిగింది, వచ్చింది. బూస్ట్ అడిగింది, వచ్చింది. గాలి అడిగింది, వచ్చింది. వాటి పక్కన డీజిల్ పరిమాణం, ఆర్పీఎం. పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు చూసుకో, హైవే మీద వద్దు. ఇంజిన్ వేడెక్కాక మూడో గేరులో 1,500 నుంచి పెడల్ మొత్తం తొక్కి 3,500 దాకా రానివ్వాలి, ఒకటి రెండు సార్లు చాలు. నువ్వు నడుపు, మెకానిక్ పక్కన కూర్చుని రికార్డ్ చేయాలి. నడుపుతూ తెర చూడకు.

ఒక చిన్న పరీక్ష ముందే చేసుకోవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి బూస్ట్ సెన్సర్ రీడింగ్ చూడు. అది బయటి గాలి ప్రెషర్ చూపించాలి. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 266 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 97, 98 కిలోపాస్కల్స్ దగ్గర ఉండాలి. దానికి బాగా దూరంగా ఉంటే సెన్సర్ పాడైందో, మధ్యలో ఏదో డబ్బా ఉందో. నీకు ల్యాప్‌టాప్‌తోనే చేశామన్నారు సరే, అయినా వైర్లు ఒకసారి తడిమి చూడు.

రికార్డు చేతికి వచ్చాక ఇట్లా చదువు. బూస్ట్ అడిగినంత వస్తోంది, గాలి సరిపోతోంది, రైల్ సరిపోతోంది, తెర మీద డీజిల్ పరిమాణం కూడా మామూలుగానే ఉంది, అయినా వెనక నల్ల మబ్బు లేస్తోంది అంటే, తెర మీది డీజిల్ అంకె అబద్ధం. నీ మైలేజీ తేడాతో కలిపి చూస్తే అది ట్యూనింగ్ తప్పే అని నేను ధైర్యంగా చెప్తాను. అడిగిన బూస్ట్ ఎక్కడో ఆకాశంలో ఉండి, వచ్చింది సగం దారిలో ఆగిపోతే, ఆ టర్బోకు చేతకానిది అడుగుతున్నారు. పైపు పగిలి లేకపోతే అదీ ట్యూనింగే. రైల్ ఒక్కటే పడిపోతూ, మిగతావి బాగుంటే అప్పుడు నాజిల్స్ వైపు చూడాలి.

ఇక్కడే నాజిల్స్‌కు న్యాయంగా రెండు పరీక్షలు. ఐడిల్‌లో సిలిండర్ బ్యాలెన్స్ రీడింగ్. ఒక్కో సిలిండర్‌కు ఈసీయూ ఎంత డీజిల్ కలుపుతోందో, తగ్గిస్తోందో చూపిస్తుంది. నాలుగూ సున్నాకు దగ్గరగా, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే 'నాలుగూ పోయాయి' అన్న మాట నిలబడదు. ఒక్కటే విడిగా దూరంగా ఉంటే ఆ నాజిల్‌నో, ఆ సిలిండర్ కంప్రెషన్‌నో చూడాలి. రెండోది రిటర్న్ టెస్ట్. నాలుగు నాజిల్స్ రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఒకే సమయం నడిపి, ఏది ఎక్కువ నింపిందో చూస్తారు. మంచి డీజిల్ షాపులో గంటలోపు పని.

ఇక్కడ ఒక్క హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేయనివ్వకు. పాత ఇంజిన్లలో అట్లా ఒక్కో సిలిండర్ కట్ చేసి చూసేవాళ్లు, ఆ అలవాటు కొందరికి ఇంకా ఉంది. కామన్ రైల్‌లో వెయ్యి బార్ దాటే ప్రెషర్ ఉంటుంది. వెంట్రుక వాసి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైన సూది పోటంత చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు, లోపల వేలు చచ్చుబడుతుంది. ఎవరికైనా తగిలితే కట్టు కట్టుకుని పని చేసుకోవడం కాదు, ఆ నిమిషమే ఆసుపత్రికి పోవాలి, 'హై ప్రెషర్ డీజిల్ లోపలికి పోయింది' అని డాక్టర్‌కు చెప్పాలి.

ఇప్పుడు అసలు పని, కంపెనీ సాఫ్ట్‌వేర్ వెనక్కి పెట్టించడం. బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే పాతది వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. రీమ్యాప్ ఈసీయూ మెమరీలో రాసి ఉంటుంది, కరెంటు తీస్తే పోదు. రెండు దారులు ఉన్నాయి. చేసినవాళ్ల దగ్గరికి పోయి, చేయకముందు నీ బండి నుంచి చదివి దాచిన ఒరిజినల్ ఫైల్ అడుగు. నిజంగా చదివి దాచి ఉంటే ఇస్తారు. 'అదే మోడల్ వేరే బండి ఫైల్ వేస్తాం' అంటే ఒప్పుకోకు, అట్లా చేసే ఇక్కడిదాకా వచ్చింది. రెండోది కంపెనీ సర్వీస్ సెంటర్. నీ ఛాసిస్ నంబరుకు సరిపోయే సాఫ్ట్‌వేర్ రాయించమని అడుగు, ఎందుకో దాచకుండా చెప్పు. నేనైతే రెండో దారే పోతాను. ఏదైనా సరే, రాస్తున్నంతసేపు బ్యాటరీకి సపోర్ట్ ఛార్జర్ పెట్టమను. మధ్యలో వోల్టేజి పడిపోతే ఈసీయూ పనికిరాకుండా పోవచ్చు. ముందూ తర్వాతా స్కానర్‌లో క్యాలిబ్రేషన్ ఐడీ (లోపలి సాఫ్ట్‌వేర్ పేరు), దాని పక్కన ఉండే వెరిఫికేషన్ నంబరు ఫోటో తీసుకో. ఐడీ అదే ఉండి వెరిఫికేషన్ నంబరు మారితే లోపల ఫైల్ మారినట్టు.

వెనక్కి పెట్టాక ఒకటి రెండు వందల కిలోమీటర్లు మామూలుగా తిప్పు, పేరుకున్న మసి కొంత పోతుంది. తర్వాత అదే రోడ్డు మీద, అదే మూడో గేరులో, అదే రికార్డింగ్. ట్యాంకు నింపి మైలేజీ. మీటరూ ట్యాంకూ మళ్లీ కలిసిపోయి, పొగ పోతే నాజిల్స్ నిర్దోషులు. పొగ తగ్గి, ఐడిల్‌లో వణుకు మిగిలితే, అప్పుడు నాజిల్స్ విప్పి బెంచ్ టెస్ట్ చేయించు, రిపోర్టు కాగితం అడుగు, పోయినదాన్నే మార్చు. కొత్తది పెడితే దాని తల మీద ఉండే కోడ్ ఈసీయూలో రాయించడం మరిచిపోనివ్వకు. ఆ కోడ్ రాయకపోతే మళ్లీ పొగ, మళ్లీ టకటక, మళ్లీ ట్యూనింగ్ మీదో నాజిల్ మీదో గొడవ.

నాలుగో గేరులో అరుపు క్లచ్ జారడమే. నీ బండి కంపెనీ టార్క్ 190 న్యూటన్ మీటర్లు, క్లచ్ దానికి కొంచెం వెసులుబాటు పెట్టి చేసింది. రీమ్యాప్ తీశాక జారకపోతే వదిలెయ్, జారితే ప్లేటు కాలిపోయింది, మార్చాల్సిందే. టర్బో కూడా ఒకసారి గాలి పైపు విప్పి షాఫ్ట్ వేలితో ఊపించి చూపించు.

ఈజీఆర్ మూసేద్దాం, పీడా పోతుంది అని ఎవరైనా అంటే వద్దను. ఈజీఆర్ కడిగినా నీ పొగ తగ్గలేదు కదా, దానికి మసి వచ్చి చేరుతుంది. ఇక 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లు ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. మీ బండ్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది కాబట్టి చెడ్డ ట్యూనింగ్ చేసినా పొగ కనిపించదు. ఫిల్టర్ పదేపదే శుభ్రం చేసుకోవడం, ఆయిల్ మట్టం పెరగడం, పి2463 కోడ్, ఇవే మీకు తెలిసే గుర్తులు. ఫిల్టర్ తీసి పైపు పెట్టించుకుంటే రోగం అట్లాగే ఉంటుంది, మసి మాత్రం మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకో. బీఎస్4 డీజిల్ బండికి పొల్యూషన్ పరీక్షలో పొగ మందం హద్దు మీటరుకు 1.62. నువ్వు చెప్పిన పొగతో అది దాటే అవకాశం ఎక్కువ. కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 182ఎ సెక్షన్ కింద మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఓనర్‌కే పడతాయి. ఇక్కడ ఓనర్ ఎవరు? మీ బాపు.

అందుకని బాపుకు ముందు చెప్పు, ఆ తర్వాతే మెకానిక్ దగ్గరకు పో. 9 వేలు పోయాయని కోప్పడతాడు, నిజమే. 60 వేలు కట్టాక, పొగ పోకపోతే, అప్పుడు చెప్పడం ఇంకా కష్టం. మెకానిక్‌కు చెప్పేటప్పుడు తేదీతో చెప్పు, ఫలానా రోజు చేయించాను, ఫలానా వారం పొగ మొదలైంది అని. ఆ రెండు తేదీలూ, మైలేజీ లెక్కలూ ఒక కాగితం మీద రాసి ఇవ్వు.

సాఫ్ట్‌వేర్ వెనక్కి పెట్టాక తీసిన రీడింగులు నాకు రాసి పంపు, అడిగింది, వచ్చింది రెండు వరుసలూ ఉండాలి. ఆయిల్ పేపర్ మీది చుక్క మాత్రం రేపు పొద్దున్నే చూడు, అది సర్వీస్ సెంటర్ తేదీ దొరికేదాకా ఆగే పని కాదు.